తబలా అని రాయలేదు

ఈమధ్య ఉండిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఇంజినీరింగులో నాతో చదివిన లక్ష్మి వాళ్ళ తమ్ముడి పెళ్ళి. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. ఊరేగింపు గేటు దాకా వచ్చేసరికి ఒకేరకం పసుపు చొక్కాలు తొడుక్కున్న కుర్రాళ్ళు డప్పులు అందుకున్నారు. వెనకాల వ్యానులో ఇంకో కుర్రాడు చిన్న పెట్టె మీద మీటలు నొక్కుతూ అదే దరువుని పదింతలు చేసి స్పీకర్లలోంచి వదులుతున్నాడు. పట్టుచీరలవాళ్ళు, సూట్లవాళ్ళు, పెళ్ళికొడుకు మేనమామలు, అందరూ ఆడారు. మా బ్యాచ్ వాళ్ళూ ఆడారు. లక్ష్మి చెమటలు కారుతుండగా నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకు లాగింది. "రావే కరుణా, ఇది నీదే కదా!" అంది. ప్రేమగానే అంది. నేను వెళ్ళి ఆడాను కూడా. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ఇది నాదేనని ఇప్పుడు పదిమందిలో కేకేసి చెబుతున్నారు. నాదేనని నేను చెప్పిన రోజున నా పక్కన ఎవరూ లేరు. లక్ష్మి కూడా లేదు.

అప్పట్లో మేం తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర్లో అద్దెకుండేవాళ్ళం. లారీలు దిగే రోజుల్లో ఆ వాసన ఆరేసిన బట్టల్లోకీ, తలగడల్లోకీ, చివరికి మా పుస్తకాల్లోకీ ఎక్కేసేది. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. తెల్లచొక్కా తనే ఉతుక్కుని, తనే గంజి పెట్టుకుని, తనే ఇస్త్రీ చేసుకునేవారు. ఆ పని అమ్మకి కూడా ఇచ్చేవారు కాదు. చొక్కా మీద ఒక్క ముడత కనిపించినా మళ్ళీ మొదలు. నాయనమ్మ పేరు దీనమ్మ. కలిదిండి దగ్గర మా ఊళ్ళో పొలాలన్నీ చెరువులైపోయి కూలిపనులు తగ్గిపోయాక నాన్నగారు ఆవిడని మా దగ్గరికి తెచ్చేశారు. ఊరినుంచి ఎవరొచ్చినా ఆవిడకి కొల్లేటి ఎండుచేపల పొట్లం తెచ్చేవారు. అవి పెనం మీద పడే లోపలే నాన్నగారు లేచి వీధివైపు కిటికీలన్నీ మూసేవారు. పొగకి అందరికీ కళ్ళు మండేవి. "తినేది మనం, మూసేది ఎవరికోసంరా?" అని నాయనమ్మ అడిగేది.

ఆవిడ వేళ్ళు ఊరుకునేవి కావు. బియ్యం డబ్బా, చేట, మంచం పట్టె, ఏది దొరికితే దానిమీద ఆడుతూనే ఉండేవి. సాయంత్రం ప్రార్థనలో మేం పాట ఎత్తుకుంటే, పాట ఒక నడకలో పోతుంటే ఆవిడ వేళ్ళు పక్కనున్న డబ్బా మీద ఇంకో నడకలో పోయేవి. ఆ రెండో నడక తగిలేసరికి ఆ నెమ్మదైన మిషనరీ పాటకి ప్రాణం వచ్చినట్టుండేది నాకు. నాన్నగారు కళ్ళు తెరవకుండానే "అమ్మా" అనేవారు. అంతే, వేళ్ళు ఆగేవి. ఆవిడ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చునేది, అల్లరిపిల్లని ఒళ్ళో నొక్కిపెట్టినట్టు.

ఎందుకో నాకు చెప్పింది అమ్మ. మా తాత డప్పు వాయించేవాడు. మా పేట మాదిగపేట. చావైనా, జాతరైనా, టముకు వెయ్యాలన్నా, ఊళ్ళోంచి కబురు రాగానే డప్పు ఎత్తుకుని వెళ్ళాల్సిందే. నాన్నగారికి పదో తరగతి పరీక్ష ఉన్న రోజున తాతకి జ్వరం. ఊళ్ళో పెద్దరైతు ఇంట్లో ముసలాయన పోయాడు. తాత లేవలేకపోతే కొడుకుని రమ్మన్నారు. పరీక్ష ఉందని చెబితే, అదెంతసేపు, వాయించి వెళ్ళమన్నారు. శవం లేచేసరికి మధ్యాహ్నమైంది. నాన్నగారు ఆ ఏడు పరీక్ష రాయలేదు. మరుసటి ఏడు రాసి పాసయ్యారు. పాసైన రోజున ఇంటికొచ్చి డప్పుని ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేశారట. నాయనమ్మ ఆ మంట మీదే గంజి కాచిందట. ఆ తర్వాత మా ఇంట్లో డప్పనే మాట కూడా పైకి వినపడలేదు. ఎవరైనా మీరేమిట్లని కులం అడిగితే క్రిస్టియన్స్ అని చెప్పి ఊరుకోమనేవారు నాన్నగారు. నేనూ అలాగే చెప్పేదాన్ని.

కాలేజీ వట్లూరులో. పొద్దున్నే పాసింజరు ఎక్కితే కైకరం, పుల్ల, భీమడోలు మీదుగా, ప్రతి స్టేషన్లోనూ పాలక్యాన్లూ చేపలబుట్టలూ ఎక్కించుకుంటూ, తీరిగ్గా తీసుకెళ్ళేది. మూడో సంవత్సరంలో మైక్రోకంట్రోలర్ ల్యాబు మొదలైంది. ఎనభై యాభైఒకటి అనే చిన్న నల్ల చిప్పు, రెండు పక్కలా జెర్రికున్నట్టు కాళ్ళు. దాని కాలికి చిన్న లైటు తగిలించి వెలిగించి ఆర్పడం మొదటి పాఠం. అందరూ వెలిగించారు, ఆర్పారు, రికార్డు రాసుకున్నారు. నాకు ఆ లైటు తీసేసి స్పీకరు పెడితే ఏమవుతుందో చూడాలనిపించింది. మర్నాడు మా ఇంట్లో పాడైపోయిన రేడియోలోంచి స్పీకరు ఊడదీసి పట్టుకెళ్ళాను. వెలిగించి ఆర్పడాన్ని కంటికి అందనంత వేగం చేశాను. స్పీకరు కూత పెట్టింది. వేగం పెంచితే స్వరం పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. ఆ చిప్పుకి తెలిసినవి రెండే, కరెంటు ఇవ్వడం, ఆపడం. ఆ రెండిటితోనే అది పాడుతోంది. నాకు ఒళ్ళు జల్లుమంది. ల్యాబు అసిస్టెంటు వచ్చి, "ఏవండీ, అదేంటండీ ఆ గోల, ఆపెయ్యండి" అన్నాడు. ఆపాను. కానీ ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా నవ్వుకుంటూనే వచ్చాను.

సెలవుల్లో ఒక చిప్పు కొనుక్కుని, బోర్డు మీద అమర్చి, క్రిస్మస్ పాట ఒకటి ఎక్కించాను. మధ్యాహ్నం నాన్నగారు ట్యూషన్లు చెప్పడానికి వెళ్ళగానే నాయనమ్మకి వినిపించాను. ఆవిడ తల వంచి శ్రద్ధగా వింది. "పీక బాగానే ఉందే. మరి దెబ్బేదీ?" అంది. దెబ్బ లేనిదే పాటేమిటని ఆవిడ ఉద్దేశం. సరే, దెబ్బ కూడా పెడదామనుకున్నాను. అనుకున్నంత తేలిక కాదు. మొదటి రోజు చేసిన దెబ్బ విని ఆవిడ, "ఇది డప్పు కాదే, వానాకాలం కప్ప" అంది. ఆ ఇంట్లో ఆ మాట పైకి అన్నది అదే మొదటిసారి. అన్నాక ఇద్దరం వీధి గుమ్మం వైపు చూశాం.

ఆ వేసవంతా మధ్యాహ్నాలు మావే. డప్పు మీద రెండు పుల్లలు ఆడతాయి. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడంచేతిలో సన్నటి చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ కోసం స్వరాన్ని పైన ఎత్తుకుని చటుక్కున కిందికి జార్చాను. చిటికెన పుల్ల కోసం స్వరమే లేకుండా, వర్షం పడినట్టు అడ్డదిడ్డంగా కరెంటు కొట్టించి వెంటనే ఆపాను. "దీనికి సెగ తగల్లేదే" అంది నాయనమ్మ. డప్పుని గడ్డిమంట మీద కాస్తే గాని బిగవదు, పలకదు. నేను స్వరం ఎత్తు పెంచాను. "ఆ, ఇప్పుడు కాగింది" అంది. దరువు చెప్పమంటే నోటితో చెప్పేది, నేను ఆ ఖాళీలని కొలిచి చిప్పులో పెట్టేదాన్ని. తీరా వినిపిస్తే, నిన్న నేను చెప్పింది ఇది కాదనేది. ఇదే చెప్పావు నాయనమ్మా అంటే, "నిన్న చెప్పింది పెద్దవాళ్ళ చావుకి, ఇవాళ చెప్పింది కుర్రవాళ్ళ చావుకి" అని మాట మార్చేది. చాలాసార్లు పోట్లాడుకున్నాం. అన్నిటికంటే చిక్కు ఏమిటంటే నా చిప్పు తప్పు చెయ్యదు. ప్రతి దెబ్బా గీత గీసినట్టు పడుతుంది. ఆవిడ విని మొహం చిట్లించింది. "మీ తాత రెండు చుక్కలు వేసుకుని వాయించేవాడు. ఇదేంటే, మీ నాన్న వాయించినట్టుంది, చొక్కా నలక్కుండా!" అంది. నవ్వలేక కడుపు పట్టుకున్నాను. తర్వాత కూర్చుని ఒక్కో దెబ్బనీ అటో వెంట్రుక, ఇటో వెంట్రుక జరిపాను. అప్పుడు మోగించాను. ఆవిడ లేచి నిలబడింది. కొంగు నడుముకి చుట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికే నా భుజం అడిగే మనిషి, ఆ వంటింటి గచ్చు మీద రెండడుగులు వేసింది. ఆడవాళ్ళ చేతికి డప్పు ఇచ్చేవారు కాదట మా పేటలో. అంత చప్పుడూ ఆవిడ లోపల దాచుకునే ముసలిదైపోయింది.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి నలుగురేసి జట్టు. మాది నేనూ లక్ష్మీ ఇంకో ఇద్దరూ. అప్పటి పద్ధతి, బెజవాడ వెళ్ళి తయారుగా ఉన్న ప్రాజెక్టు కొనుక్కొచ్చి, ఎలా పనిచేస్తుందో రెండు పేజీలు బట్టీపట్టి, వైవాలో ఒప్పజెప్పడం. లిఫ్టు నడిపేది, నీళ్ళ ట్యాంకు నిండితే మోటారు ఆపేది, అలాంటివి. నేను మా జట్టుకి బోర్డూ స్పీకరూ బిగించిన నా పెట్టె వినిపించాను. ముగ్గురికీ నచ్చింది. "ఎంత బావుందే!" అన్నారు. పేరు 'మైక్రోకంట్రోలర్‌తో డప్పు దరువులు' అని రాసిన కాగితం చూపించాక మాటలు తగ్గిపోయాయి. మర్నాడు రైలు దిగాక లక్ష్మి నన్ను పక్కకి పిలిచింది. "ఆ పేరుతో మా ఇంట్లో ఒప్పుకోరే. ఏమనుకోకు" అంది. వాళ్ళు ముగ్గురూ లిఫ్టు కొనుక్కున్నారు. నేనొక్కదాన్నీ మిగిలాను. ఆ వారమే క్లాసులో నా వెనక బెంచీ వాళ్ళు డెస్కు మీద వేళ్ళతో వాయించడం మొదలుపెట్టారు. మాట లేదు, నవ్వు లేదు, ఉత్త వేళ్ళు. నేను వెనక్కి తిరిగి, "దరువు తప్పింది. సరిగా వాయించండి, లేకపోతే మానెయ్యండి" అన్నాను. మానేశారు.

మా డిపార్టుమెంటు హెడ్ గారు మర్యాదస్తుడు. ఏ విద్యార్థినైనా అమ్మా, బాబూ అనే పిలిచేవారు. నా కాగితం చూసి, "పనితనం బాగుందమ్మా. పేరు తబలా అని పెట్టు. గౌరవంగా ఉంటుంది" అన్నారు. "అది తబలా కాదండీ" అన్నాను. "ఎగ్జామినర్‌కి ఏం తెలుస్తుందమ్మా, చప్పుడు చప్పుడే కదా" అన్నారు. "తెలిసినా తెలియకపోయినా అది డప్పండీ" అన్నాను. ఆయన చిరునవ్వు చెరగకుండా, మీ నాన్నగారిని ఒకసారి తీసుకురా అన్నారు.

ఇంట్లో చెప్పాల్సి వచ్చింది. నాన్నగారు అన్నం ముందు కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. "ఎవరు చెప్పారు నీకు ఆ దరువులు?" అని అడిగారు. "నేనే చెప్పాను" అంది గది లోంచి నాయనమ్మ. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. "ఆ పీడని వదిలించుకోడానికి నాకు ఒక ఏడు పట్టింది. నువ్వు దాన్ని కాలేజీకి మోసుకెళ్ళి నెత్తిన పెట్టుకుంటావా? మానెయ్" అన్నారు. "మాననండి" అన్నాను. నాన్నగారికి ఎదురు చెప్పడం నా జన్మలో అదే మొదలు. అమ్మ గిన్నెలు సర్దడం ఆపేసి నిలబడిపోయింది.

అయినా ఆయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రైల్లో నా ఎదురుగా కూర్చుని వచ్చారు. నన్ను ఒప్పించడానికే వస్తున్నారనుకున్నాను. హెడ్ గారు లేచి కుర్చీ చూపించారు, టీ తెప్పించారు.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా అండీ. అమ్మాయి తెలివైంది. ఆ సౌండే ఉంచుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు. తబలా అని ఒక్క ముక్క రాయమనండి. ఆ పేరు పెట్టుకుని పిల్ల నలుగురిలో బయటపడటం ఎందుకండీ?"

నాన్నగారు టీ కప్పు ముట్టుకోలేదు. "ఆ చప్పుడు నాకు గిట్టదండీ" అన్నారు. "మా ఇంట్లో డప్పుని పొయ్యిలో పెట్టింది నేనేనండీ. ఇది చెయ్యొద్దని మా అమ్మాయికి చెప్పాను. ఇంటికెళ్ళాక మళ్ళీ చెబుతాను. అది మా ఇద్దరి గొడవ. కానీ తబలా అని రాయమని మాత్రం నేను చెప్పనండీ. మా నాన్న వాయించింది తబలా కాదండీ."

హెడ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ ఇష్టమండీ. మార్కుల సంగతి నేను హామీ ఇవ్వలేను" అన్నారు. "మంచిదండీ" అని నాన్నగారు నమస్కారం పెట్టి లేచారు. వట్లూరు స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. వేరుశనక్కాయలు కొని పొట్లం నా చేతిలో పెట్టారు. "ఇంట్లో నేనుండగా అది మోగకూడదు" అన్నారు. "ఒక్కసారి వినండి నాన్నగారూ" అన్నాను. "వింటే నాకు పరీక్ష హాలు తలుపులు కనపడతాయమ్మాయ్. బయటినుంచి" అన్నారు. ఆయన పోయేదాకా ఆ పెట్టె వినలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత చాలామంది నాతో, చివరికి మీ నాన్న మెత్తబడే ఉంటారులే అన్నారు. మెత్తబడలేదు. మెత్తబడాల్సిన అవసరమూ లేదు. వినకుండా ఉండటం ఆయన హక్కు, పేరు మార్చకుండా ఉండటం నాది. ఒకే ఇంట్లో ఆ రెండూ నిలబడ్డాయి.

వైవా రోజున బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన, అలసిపోయినట్టున్నాడు. అప్పటికే బోలెడు లిఫ్టులు చూసి ఉంటాడు. నా కాగితం మీద పేరు చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "దీనివల్ల ఉపయోగం ఏమిటమ్మా?" అన్నాడు. "మోగుతుందండీ" అన్నాను. "ఈ దరువులు ఎక్కడ సేకరించావు?" అన్నాడు. "సేకరించలేదండీ. మా ఇంట్లోవే. మా తాత వాయించేవాడు. మాది మాదిగపేటండీ" అన్నాను. నాలుగేళ్ళుగా క్రిస్టియన్స్ అని చెప్పి ఊరుకున్న నోటితోనే ఆ మాట అన్నాను. లోపల ఏదో విరుగుతుందనుకున్నాను. ఏమీ విరగలేదు. కాళ్ళకింద నేల గట్టిగా తగిలింది.

స్విచ్చి నొక్కాను. పాత రేడియో స్పీకరు, అయినా ల్యాబు గోడలకి తగిలి బాగానే మోగింది. ముందు మెల్లగా నడక, తర్వాత జోరు. వరండాలోంచి పిల్లలు తొంగిచూశారు. గుమ్మంలో లక్ష్మి కూడా కనపడింది. హెడ్ గారు ఇబ్బందిగా కదిలి, "చాలమ్మా, చూశారుగా" అంటూ స్విచ్చి వైపు చెయ్యి చాపారు. నేను ఆ చేతికీ నా పెట్టెకీ మధ్య నిలబడ్డాను. "ఇంకా అవలేదండీ" అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చివరి దెబ్బ పడ్డాక నేనే కరెంటు తీశాను.

గట్టెక్కడానికి సరిపోయేన్ని మార్కులు వేశారు, అంతే. లిఫ్టు కొనుక్కున్న ముగ్గురికీ డిస్టింక్షన్ వచ్చింది. అప్పుడు ఏడవలేదని చెప్పను. రైలు భీమడోలు దాటేదాకా ఏడ్చాను. ఇప్పుడు కాలం మారిందంటారు. ఇవాళ మా కాలనీలో ఎనిమిదో తరగతి పిల్ల అరచేతిలో పట్టే బోర్డు మీద ఏ వాయిద్యం కావాలంటే అది పలికిస్తోంది. డప్పు మోతని ఫోన్లోంచి దింపుకుని పెట్టేసుకుంటున్నారు. సంతోషమే. కానీ చప్పుడు అందరిదీ అయినంత సులువుగా పేరు అందరి నోటా రాదు. చప్పుడుకి ఆడేవాళ్ళు, పేరు దగ్గరకొచ్చేసరికి ఫోక్ బీట్ అంటారు, మాస్ బీట్ అంటారు. తబలా పోయి అవి వచ్చాయి. నాకు తేడా కనపడదు.

ఉద్యోగాలకి తిరిగిన రోజుల్లో ప్రతిచోటా నా మార్కుల కాగితం తిరగేసి ఒకే ప్రశ్న అడిగేవారు. అన్నిట్లో ఇంత బాగా వచ్చి ప్రాజెక్టులో మాత్రం ఇంత తక్కువేమిటి, ఏం చేశారు మీరు? హైదరాబాదులో ఒక పెద్ద ఆఫీసులో అడిగితే చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు. ఏలూరులో ఒక పాలిటెక్నిక్‌లో అడిగితే చెప్పాను. ఆ ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ అదే చేస్తున్నాను. రెండుచోట్లా నేను చెప్పిన జవాబు ఒకటే.

"డప్పండీ."